అటక మీద దొరికిన గ్రామఫోన్, చేతిరాత లేబుల్ ఉన్న ప్లేటు: వేయొచ్చా?

బొబ్బిలి బుల్లోడు (బొబ్బిలి)
ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. పాత ఇంటికి రిపేర్లు చేయిస్తూ అటక మీద సామానంతా దించాం. ఇత్తడి గంగాళాల వెనకాల, గోనెసంచిలో చుట్టిన నల్ల పెట్టె ఒకటి దొరికింది. తెరిస్తే గ్రామఫోన్! బూరా బయటికి ఉండే రకం కాదు. మూత వేసి చేత్తో పట్టుకెళ్ళేది. మూత లోపల కుక్కబొమ్మ (హెచ్.ఎం.వి. కంపెనీ గుర్తు) ఉంది. కీ తిప్పితే పళ్ళెం తిరుగుతోంది కానీ మధ్యలో 'డబ్' మని కొట్టి నెమ్మదిస్తోంది.

పక్కనే రేకు పెట్టెలో ప్లేట్లు. హరిశ్చంద్ర పద్యాలు, కీర్తనలు, సాలూరి రాజేశ్వరరావు గారి లలితగీతాలు. రెండు పగిలిపోయాయి. ఒక ప్లేటు మాత్రం వేరేగా ఉంది. దాని మీద కంపెనీ పేరు లేదు. తెల్ల కాగితం మీద సిరాతో 'మద్రాసు, 1946' అని రాసి, కింద మా మామ్మ వాళ్ళ నాన్నగారి పేరు ఉంది. ఆయన బడిపంతులు, నాటకాల్లో కృష్ణుడి వేషం వేసేవారట. మామ్మ దాన్ని చూసి "అందులో మా నాన్న గొంతుందిరా, వెయ్యి" అని పట్టుబట్టింది.

చిన్న డబ్బాలో పాత గ్రామఫోన్ ముళ్ళు (సూదులు) కూడా ఉన్నాయి, కాస్త తుప్పు పట్టాయి. మిషన్ నూనె నాలుగు చుక్కలు వేసి, ముల్లు బిగించి వేసేయొచ్చా? మామ్మ పొద్దున లేస్తే అదే అడుగుతోంది, టెన్షన్‌గా ఉంది.


ముల్లు మాస్టారు (విజయనగరం)
ఆదివారం, రాత్రి 9:26

ఆగు బాబూ! ఆ చేతిరాత ప్లేటు ఆ మిషన్ మీద పెట్టకు. మిగతావన్నీ తరవాత మాట్లాడుకుందాం. ముందు నాలుగు సంగతులు చూసి చెప్పు.

మధ్య చిల్లు లోపలి అంచు ఏ రంగులో ఉంది? వెండిలా మెరుస్తోందా? పెద్ద చిల్లు పక్కన, లేబుల్ కింద ఇంకా చిన్న చిల్లులున్నాయా? గోటితో అంచు మీద మెల్లగా తడితే రేకు చప్పుడా, పింగాణీ చప్పుడా? ప్లేటు మీద తెల్లటి పొడి గానీ జిడ్డు గానీ ఉందా? ఉంటే తుడవకు.


పలాస జీడిపప్పు (పలాస)
ఆదివారం, రాత్రి 9:31

మాస్టారు వచ్చేశారు, ఇంక బుల్లోడికి నిద్దర లేదు 😄


బొబ్బిలి బుల్లోడు
ఆదివారం, రాత్రి 9:58

చూశానండీ. చిల్లు అంచు మెరుస్తోంది, అల్యూమినియంలా ఉంది. లేబుల్ మీద వేలు పెడితే కింద ఇంకో మూడు చిల్లులు తగులుతున్నాయి. తడితే రేకు చప్పుడే. తెల్ల పొడి అక్కడక్కడా ఉంది, బూజనుకున్నాను. తడిగుడ్డతో తుడుద్దామని తీసి, మీ మాట చదివి పక్కన పెట్టేశాను.


ముల్లు మాస్టారు
ఆదివారం, రాత్రి 10:40

మంచి పని చేశావు. ఇప్పుడు వివరంగా చెబుతాను, కాస్త ఓపిగ్గా చదువు.

నీ రేకు పెట్టెలోని మిగతా ప్లేట్లు లక్కవి. లక్క పురుగు ఇచ్చే జిగురులో రాతిపొడి, మసి కలిపి, వేడి మీద అచ్చు వేసినవి. మన ఏటికొప్పాక బొమ్మల మీద మెరుపుకి వాడేదీ ఆ లక్కే. రాతిపొడి ఎందుకు కలిపారంటే, గ్రామఫోన్ సౌండుబాక్సు (ముల్లు బిగించే గుండ్రటి డబ్బా) బరువు నూరు గ్రాముల పైమాటే. అదంతా ఒక్క ముల్లు మొన మీద పడుతుంది. ప్లేటు మెత్తగా ఉంటే గాడి చిరిగిపోతుంది. అందుకని ప్లేటునే గట్టిగా, గరుకుగా చేశారు. మొదటి కొన్ని చుట్లలో ప్లేటే ముల్లుని అరగదీసి తన గాడికి సరిపడా చెక్కుకుంటుంది. పాట అయ్యేసరికి ముల్లు మొన బల్లపరుపుగా అయిపోతుంది. దాంతోనే రెండో పాట వేస్తే అది ఉలిలా పనిచేసి గాడి గోడల్ని చెక్కేస్తుంది. ఒక వైపుకి ఒక ముల్లు అనే లెక్క అందుకే. పొదుపు చేసేది అక్కడ కాదు.

చేతిరాత ప్లేటు వేరే జాతి. అల్యూమినియం రేకు మీద మెత్తటి లక్కరు (లక్క కాదు, వార్నిష్ లాంటిది) పూత పూసి, మనిషి ఎదురుగా పాడుతుంటే అప్పటికప్పుడే గాడి కోసేవారు. 1934 నుంచి ఇవి వాడుకలోకి వచ్చాయి. రేడియో స్టేషన్లలో, స్టూడియోల్లో వాడేవారు. డబ్బున్నవాళ్ళూ, సరదా ఉన్నవాళ్ళూ సొంతానికి కోయించుకునేవారు. ఆ చిన్న చిల్లులు కోసేటప్పుడు ప్లేటు జారకుండా పట్టి ఉంచడానికి. అచ్చు లేదు, రెండో కాపీ లేదు. లోకంలో ఉన్నది ఆ ఒక్కటే. దాని మీద ఉక్కు ముల్లు పెడితే మీ మామ్మ తండ్రిగారి గొంతు ఒకే ఒక్కసారి వినిపిస్తుంది, అదీ గీరుకుంటూ. తరవాత ఉండదు.

ఆ తెల్ల పొడి చాలాసార్లు బూజు కాదు. పూత మెత్తగా ఉండడానికి ఆముదం లాంటివి కలిపేవారు. ఏళ్ళు గడిచేకొద్దీ అది విడిపోయి పైకి వస్తుంది. దాన్ని తీసే పద్ధతులున్నాయి, చేతనైనవాళ్ళు చేయాలి. స్పిరిట్టు, శానిటైజరు లాంటివి అసలు దగ్గరికి రానివ్వకు. అవి లక్కనీ కరిగిస్తాయి, లక్కరునీ కరిగిస్తాయి.


బొబ్బిలి బుల్లోడు
ఆదివారం, రాత్రి 10:52

అమ్మో. గుండె ఆగినంత పనైంది. మామ్మకి ఏం చెప్పాలి?


వంశధార (శ్రీకాకుళం)
సోమవారం, ఉదయం 6:45

తమ్ముడూ, ఉన్నదున్నట్టు చెప్పు. "ఒక్కసారి వింటావా, ఎప్పటికీ దాచుకుంటావా" అని అడుగు. పెద్దవాళ్ళకి అర్థమవుతుంది. ఈలోపు మిగతా ప్లేట్లు వినిపించు, కొంచెం ఊరట.

మా ఇంట్లో గ్రామఫోన్ అంటే ఆడవాళ్ళ సొత్తు. మా అమ్మమ్మ చెప్పేది: ఊళ్ళో నాటకం వేస్తే మగవాళ్ళు తెల్లారేదాకా కూర్చునేవారు, ఇంటి కోడళ్ళకి గుమ్మం దాటే వీలుండేది కాదు. ప్లేటు వచ్చాక అదే పద్యం వంటింటి గడపలో కూర్చుని విన్నారు. ఇంకో తమాషా, భోగం మేళాలు మానాలని సభల్లో ఉపన్యాసాలిచ్చిన పెద్దమనుషుల ఇళ్ళల్లోనే ఆ కులంలో పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మ లాంటి గాయనుల ప్లేట్లు మోగేవి. మనిషి ఇంటికి రాకూడదు, గొంతు మాత్రం రావచ్చు! ఇలాంటి పెద్దమనుషుల్నే ఎండగట్టిన గురజాడ వారి 'కన్యాశుల్కం' 1892లో మొదటిసారి ఆడింది విజయనగరంలోనే కదా. ఇదంతా తెలిసిన ఊళ్ళో ఈ సంగతి ఎవరూ రాయరేమని నాకెప్పుడూ అనుమానమే.


పద్యాల పిచ్చి (ఆమదాలవలస)
సోమవారం, ఉదయం 8:20

వంశధార గారూ, మీరన్నది నిజమే. కానీ ప్లేటు పద్యానికి చేసిన చేటు కూడా చెప్పుకోవాలి. పది అంగుళాల ప్లేటు ఒక వైపు మూడు నిమిషాల చిల్లర. స్టేజీ మీద ఒక్క రాగం తీస్తేనే ఆ టైము అయిపోతుంది. జనం 'వన్స్‌మోర్' అంటే అదే పద్యం ఇంకో రాగంలో. ఆ సరదా అంతా పోయి, గడియారం చూసుకుంటూ పాడే పద్యం మిగిలింది. విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు గారి హరికథ రాత్రంతా నడిచేది. దాన్ని మూడు నిమిషాల్లో ఎలా కుక్కుతారు?


ముల్లు మాస్టారు
సోమవారం, ఉదయం 9:05

పద్యాల పిచ్చి గారూ, కుక్కలేదు కాబట్టే కొత్త విద్య పుట్టింది. రంగస్థల నటుడు కపిలవాయి రామనాథశాస్త్రి గారి ప్లేట్లు వినండి. ఎత్తుగడ, రాగం, విరుపు, ముగింపు అన్నీ ఆ మూడు నిమిషాల్లోనే ఉంటాయి, ఎక్కడా తొందర కనబడదు. మన జిల్లాల్లో ఎంతమంది హార్మోనిస్టులు, వేషగాళ్ళు ప్లేటు పక్కన కూర్చుని పద్యం నేర్చుకున్నారో లెక్కలేదు. గురువు విసుక్కుంటాడు గానీ ప్లేటు విసుక్కోదు.

ఇంకో మాట. 1925 దాకా మైకు లేదు. పెద్ద బాకాలో తలపెట్టి గట్టిగా పాడితే, ఆ గాలి ఒత్తిడితోనే సూది కదిలి మైనంలో గాడి పడేది. తంబూరా పడదు, మృదంగం సరిగ్గా పడదు, ఫిడేలు సన్నబడిపోతుంది. హార్మోనియం మాత్రం దిట్టంగా పడుతుంది. పాత ప్లేట్లలో హార్మోనియం అంత ఎక్కువగా వినబడడానికి అదొక కారణం. కరెంటు రికార్డింగు వచ్చాకే ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫిడేలు లాంటి నాదం ప్లేటు మీద నిలబడే వీలు కలిగింది. ఆయన మన విజయనగరం విజయరామ గానపాఠశాలలో 1919లో చేరి, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. అక్కడ చదివిన ఘంటసాల, సుశీల గార్ల గొంతులు తరవాత ఎన్ని ప్లేట్లకెక్కాయో చెప్పక్కర్లేదు.


పద్యాల పిచ్చి
సోమవారం, ఉదయం 9:30

కపిలవాయి పేరెత్తారు కాబట్టి ఊరుకుంటున్నాను. ఒప్పుకున్నట్టు కాదు.


రాజాం 78 (రాజాం)
సోమవారం, మధ్యాహ్నం 1:15

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నేనూ ఒక గ్రామఫోన్ కొందామనుకుంటున్నాను. ఆన్‌లైన్‌లో ఒకటి చూశాను. తళతళలాడే పెద్ద ఇత్తడి బూరా, ఎనిమిది పలకల చెక్క పెట్టె, ముందు కుక్కబొమ్మ రేకు. 'నూరేళ్ళ నాటి అసలు సిసలు' అని రాశారు. ఫోటో పెట్టాను చూడండి. అడ్వాన్స్ ఇవ్వమంటున్నాడు.


ముల్లు మాస్టారు
సోమవారం, మధ్యాహ్నం 1:40

ఇవ్వకండి. ఇది కొత్తగా కట్టిన సరుకు. ఫోటో పెద్దది చేసి పెట్టె మీది స్క్రూలు చూడండి, తలల మీద ప్లస్ గాడి ఉంది. ఆ స్క్రూలు మార్కెట్లోకి వచ్చిందే 1930ల మధ్యలో. నూరేళ్ళ పెట్టెకి అవెలా వస్తాయి? బూరా మెడ కూడా ఎక్కడో అతికించినట్టు వంకరగా ఉంది. పాత కంపెనీ బూరాలు ఎక్కువగా రంగు వేసిన ఉక్కు రేకువి, కొన్ని చెక్కవి. లోపల విరిగిన పోర్టబుల్ మోటారు ఏదో తెచ్చి పెడతారు. షోకేసులో పెట్టుకోవడానికైతే మీ ఇష్టం. మంచి ప్లేటు మాత్రం దాని మీద వేయకండి.

పాట వినాలంటే బుల్లోడి ఇంట్లో దొరికిన లాంటి నల్ల పెట్టె వెతకండి. చూపుకి ఆనదు గానీ పని చేస్తుంది.


పలాస జీడిపప్పు
సోమవారం, మధ్యాహ్నం 2:02

మా పెదనాన్న గారింట్లో అలాంటిదే ఉండేది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి పెంకులు లేచిపోయి ప్లేట్ల పెట్టెలోకి నీళ్ళొచ్చేశాయి. కాగితం కవర్లు ప్లేట్లకి అతుక్కుపోయాయి, ఇప్పటికీ అలాగే ఒగ్గేశాం. ఏటి చేయాలండి మాస్టారూ?


ముల్లు మాస్టారు
సోమవారం, మధ్యాహ్నం 2:30

పీకకండి. గోరువెచ్చని కాదు, మామూలు నీళ్ళతో కాగితం తడిపి, నానాక వేలితో మెల్లగా ఊడదీయండి. లేబుల్ తడవకుండా చూసుకోండి. తరవాత అంట్లు తోమే లిక్విడ్ ఒక్క చుక్క కలిపిన నీళ్ళు, మెత్తటి బ్రష్షు. గాడి ఎటు తిరిగితే బ్రష్షు అటే తిరగాలి. మంచి నీళ్ళతో కడిగి నీడలో నిలబెట్టి ఆరబెట్టండి. ఎండలో పెడితే అప్పడంలా వంగిపోతాయి. ఇది లక్క ప్లేట్లకి మాత్రమే, బుల్లోడి రేకు ప్లేటుకి కాదు.

ఆరాక కొత్త కవర్లలో పెట్టి నిలువుగా పేర్చండి. ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే బరువుకి అడుగువి పగులుతాయి. మన సముద్రపు గాలికి కాగితంలో చెమ్మ చేరుతుంది, ఏడాదికోసారి కవర్లు చూసుకోవాలి.


సౌండ్ సుబ్బడు (విశాఖపట్నం)
సోమవారం, రాత్రి 8:15

లేటుగా చూశాను. బుల్లోడు గారూ, ఆ రేకు ప్లేటుని కంప్యూటర్లోకి ఎక్కించే పని నేను చేస్తాను. డబ్బులేం వద్దు. నా దగ్గర నిమిషానికి 78 చుట్లు తిరిగే టర్న్‌టేబుల్ ఉంది. దాని సూది పట్టుకునే చేయి తేలిక, ముల్లు మీద బరువు మూడు గ్రాముల లోపే పెట్టొచ్చు. ఎల్పీలకి (తరవాత వచ్చిన ప్లాస్టిక్ ప్లేట్లకి) వాడే సన్న సూది దీనికి పనికిరాదు. అది గాడి అడుగున చెత్తలో దొర్లుతుంది. పాత గాడి వెడల్పు కాబట్టి మూడు మిల్లుల సూది పెట్టాలి, అంటే అంగుళంలో వెయ్యింట మూడు వంతులు. రెండు మూడు సైజులు మార్చి చూస్తాను.

ప్లేటుని కొరియర్‌లో పంపకండి. మీరే తీసుకురండి. రెండు అట్టల మధ్య పెట్టి, నిలువుగా పట్టుకుని, బస్సులో ఒళ్ళో పెట్టుకోండి. పూత మీద ఎక్కడైనా పగుళ్ళు కనిపిస్తున్నాయా? రేకు ముడుచుకోదు, పూత ముడుచుకుంటుంది. పెచ్చులు లేవడం మొదలైతే ఆలస్యం చేయకూడదు.


బొబ్బిలి బుల్లోడు
సోమవారం, రాత్రి 8:50

పగుళ్ళు లేవండీ, అంచున ఒక చోట సన్న గీత మాత్రం ఉంది. ఆదివారం వస్తాను. మామ్మ కూడా వస్తానంటోంది!

ఈలోపు గ్రామఫోన్ సంగతి. ఆ 'డబ్' శబ్దం ఏమిటి? స్ప్రింగు విప్పి చూద్దామా?


ముల్లు మాస్టారు
సోమవారం, రాత్రి 9:20

స్ప్రింగు డబ్బా నువ్వు విప్పకు. లోపల మీటర్ల కొద్దీ ఉక్కు పట్టీ బిగించి చుట్టి ఉంటుంది. ఒక్కసారిగా బయటికొస్తే వేళ్ళు తెగుతాయి. ఆ 'డబ్' అనేది ఎండిపోయిన గ్రీజు వల్ల. పట్టీ చుట్లు ఒకదానికొకటి అంటుకుని, ఒక్కసారిగా జారతాయి. పాత గ్రీజంతా కడిగి గ్రాఫైట్ కలిపిన గ్రీజు పెడితే పోతుంది. మీ దగ్గర గోడ గడియారాలు బాగుచేసే పాతకాలం మనిషి ఎవరైనా ఉంటే అతనికిస్తే చాలు. ముందు కీ పూర్తిగా దిగిపోయేదాకా పళ్ళెం తిరగనివ్వు, ఆ తరవాతే మోటారు మీద చెయ్యి పెట్టాలి.

నువ్వు చేయగలిగింది ఒకటుంది. గవర్నరు అని మూడు చిన్న గుండ్లు తిరుగుతుంటాయి, వేగాన్ని అదుపులో పెట్టేది అదే. దాని ఇరుసుకి సన్న నూనె ఒక్క చుక్క, అది రాసుకునే తోలు ముక్కకి ఇంకో చుక్క. నాలుగు చుక్కలు కాదు.

సౌండుబాక్సులో పలచటి రేకు చుట్టూ రబ్బరు ఉంటుంది. ఇన్నేళ్ళకి అది రాయిలా గట్టిపడి ఉంటుంది. పాట గరగరమంటే కారణం అదే, ప్లేటుని తిట్టకు. రబ్బరు మార్పించుకో. తుప్పు ముళ్ళు పారేయి. కొత్త ఉక్కు ముళ్ళు ఇప్పటికీ తయారవుతున్నాయి, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. లావు ముల్లు పెడితే గట్టిగా, సన్న ముల్లు పెడితే మెల్లగా పాడుతుంది. ఆ మిషన్‌కి వాల్యూమ్ మర అదే.


రాజాం 78
సోమవారం, రాత్రి 9:34

మాస్టారూ, అడ్వాన్స్ ఇవ్వలేదు. థాంక్స్. దాని మీద మామూలు ఎల్పీలు కూడా వేసుకోవచ్చని అమ్మేవాడు చెప్పాడు!


సౌండ్ సుబ్బడు
సోమవారం, రాత్రి 9:36

వేసుకోవచ్చు, ఒక్కసారి. ఎల్పీ ప్లాస్టిక్, దాని గాడి చాలా సన్నం. ఉక్కు ముల్లు దున్నేస్తుంది.


వంశధార
మంగళవారం, ఉదయం 7:10

మా ఇంటి ప్లేట్లలో ఒకటి ఒక వైపే గాడి ఉంది, రెండో వైపు నున్నగా ఉంది. లేబుల్ మీద కుక్క లేదు, ఈకతో రాస్తున్న రెక్కల పిల్లాడి బొమ్మ ఉంది. పాట అయిపోయాక పాడినావిడ తన పేరు ఇంగ్లీషులో చెబుతుంది. ఎందుకలా?


ముల్లు మాస్టారు
మంగళవారం, ఉదయం 7:45

అమ్మా, అది జాగ్రత్త! కుక్కబొమ్మ కంటే ముందరి కాలం ప్లేటు. రెండు వైపులా అచ్చు వేయడం తరవాత వచ్చింది.

పేరు చెప్పడానికి కారణం ఉంది. 1902 నవంబరులో గైస్‌బర్గ్ అనే ఆయన గ్రామఫోన్ కంపెనీ తరఫున కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలు తీసుకెళ్ళాడు. అప్పట్లో మైనపు పలకలు ఓడలో జర్మనీలోని హానోవర్‌కి వెళ్ళి, అక్కడ అచ్చయి తిరిగొచ్చేవి. అక్కడివాళ్ళకి ఏ పాట ఎవరిదో ఎలా తెలుస్తుంది? అందుకే చివర్లో పేరు చెప్పించేవారు. 1908లో కలకత్తాలోనే ఫ్యాక్టరీ పెట్టాక ఓడ ప్రయాణం తప్పింది. లక్క ప్లేట్లు మన దేశంలో చాలా ఏళ్ళు నడిచాయి. మిగతా దేశాలు ఆపేశాక కూడా, 1960ల్లో బీటిల్స్ పాటలు ఇక్కడ 78 ప్లేట్ల మీద అచ్చయ్యాయి. ఇప్పుడు వాటి కోసం విదేశాల వాళ్ళు ఎగబడతారు.


పలాస జీడిపప్పు
మంగళవారం, ఉదయం 8:00

పెదనాన్న గారి పెట్టెలో బీటిల్స్ ఉన్నారేటో చూసొస్తాను.


నిర్వాహకుడు
మంగళవారం, ఉదయం 8:30

కొనుగోలు, అమ్మకం ధరల గురించి వేరే చర్చ ఉంది, అక్కడ రాయండి. ఇక్కడ బుల్లోడి ప్లేటు గురించే.


బొబ్బిలి బుల్లోడు
ఆదివారం, రాత్రి 10:05

ఇప్పుడే ఇల్లు చేరాం. సుబ్బడు గారికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

మొదట సూదిని బయటి అంచున పెడితే ఏమీ రాలేదు, సూది బయటికే జారుతోంది. నాకు చెమటలు పట్టాయి. సుబ్బడు గారు నవ్వి, లేబుల్ పక్కన, లోపలి నుంచి పెట్టారు. అక్కడి నుంచి పాట బయటికి నడిచింది! అప్పట్లో కొన్ని ప్లేట్లు అలాగే లోపలి నుంచి కోసేవారట.

గరగర మధ్యలో హార్మోనియం, తరవాత రాయబారం పద్యం. అంచు గీత దగ్గర టక్ టక్ మంటోంది గానీ మాటలు పోలేదు. పద్యం అయ్యాక కొంచెం ఖాళీ. ఆ తరవాత చిన్నపిల్ల గొంతు రెండో ఎక్కం గబగబా చదివింది. పన్నెండు దాకా వెళ్ళకుండానే ప్లేటు అయిపోయింది. అది మామ్మట! తనకి అసలు గుర్తే లేదు.

ఇప్పుడు సమస్య వేరే. ఎక్కం విని మురిసిపోయింది గానీ పద్యం విని మామ్మ ఒప్పుకోవడం లేదు. "మా నాన్న గొంతు ఇంత సన్నం కాదు, ఎవడో కుర్రాడు పాడినట్టుంది" అంటోంది. దారి పొడుగునా అదే గొడవ.


పద్యాల పిచ్చి
ఆదివారం, రాత్రి 10:20

మామ్మ గారిదే రైటై ఉంటుంది. వేగం చూసుకోండి. పాత ప్లేట్లన్నీ 78లోనే తిరగాలని రూలు లేదు. కొన్ని కొలంబియా ప్లేట్ల మీద 80 అని అచ్చు వేసి ఉంటుంది. శ్రుతి ఒక్క అరమెట్టు పెరిగితే చాలు, నిండు గొంతు పీలగా అయిపోతుంది.


సౌండ్ సుబ్బడు
ఆదివారం, రాత్రి 11:10

టర్న్‌టేబుల్ 78లోనే తిరిగింది. చోక్ ఉన్న పాత ట్యూబులైటు కింద వేగం చూసే 77 గీతల స్ట్రోబ్ కాగితం పెట్టి చూశాను, గీతలు కదలకుండా నిలబడ్డట్టు కనబడ్డాయి, అంటే వేగం సరిగ్గా ఉన్నట్టు. ఇంట్లో చేసుకునేవాళ్ళు ఎల్ఈడీ బల్బు కింద చూడకండి, చాలా వాటికి ఆ మిణుకు ఉండదు. అంటే నా మిషన్ బాగానే ఉంది. 1946లో కోసిన మిషన్ ఎంతలో తిరిగిందన్నది ప్రశ్న.

దానికో ఉపాయం ఉంది. అప్పటి రికార్డింగుల్లో కరెంటు గుయ్ మనే శబ్దం కొంచెం కలిసిపోతుంది. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది. ప్లేటులో ఆ గుయ్ 50 దగ్గరే కనబడాలి. పద్యానికి ముందున్న ఖాళీలో వెతుకుతాను, రేపు చెబుతాను.


సౌండ్ సుబ్బడు
సోమవారం, రాత్రి 9:00

దొరికింది. గుయ్ 50 దగ్గర లేదు, 53 దగ్గర ఉంది. దాని రెట్టింపు 106 దగ్గర ఇంకా స్పష్టంగా ఉంది. అంటే మనం ప్లేటుని నూటికి ఆరు వంతులు ఎక్కువ వేగంగా తిప్పాం. 78ని 1.06తో భాగిస్తే 73న్నర. నూటికి ఆరు అంటే సంగీతంలో దాదాపు ఒక అరమెట్టు. ఆ వేగానికి దించి కొత్త ఫైలు పంపాను. గరగర పెద్దగా తీయలేదు. ఎక్కువ శుభ్రం చేస్తే 'స', 'ష'లు కూడా కొట్టుకుపోతాయి. ఏమీ దిద్దని అసలు ఫైలు వేరుగా దాచండి, రెండు మూడు చోట్ల.


పద్యాల పిచ్చి
సోమవారం, రాత్రి 9:04

చెప్పానా!


బొబ్బిలి బుల్లోడు
సోమవారం, రాత్రి 9:45

వినిపించాను. మామ్మ ఒప్పుకుంది. "ఇదీ మా నాన్న" అంది. వెంటనే, హార్మోనియం వాయించినవాడు రెండు చోట్ల తప్పు మెట్టు నొక్కాడని కూడా అంది.


పద్యాల పిచ్చి
సోమవారం, రాత్రి 9:50

ఆ రెండో తప్పు నాకూ వినాలనుంది. ఫైలు ఇక్కడ పెడతారా?


బొబ్బిలి బుల్లోడు
సోమవారం, రాత్రి 10:02

బాబాయిలని, అత్తయ్యల్ని అడిగి పెడతానండీ. ఎక్కం మాత్రం పెట్టొద్దని మామ్మ ఆర్డర్. గ్రామఫోన్ గడియారాలాయన దగ్గరికి వెళ్ళింది, కొత్త ముళ్ళు ఆర్డర్ పెట్టాను. మాస్టారూ, రేకు ప్లేటు ఎక్కడ పెట్టమంటారు? బీరువాలోనా?


ముల్లు మాస్టారు
సోమవారం, రాత్రి 10:15

బీరువాలోనే. కానీ వంటింటి గోడకి ఆనుకున్న బీరువా అయితే వద్దు, వేడి తగులుతుంది. నిలువుగా పెట్టు, ప్లాస్టిక్ కవరు తొడగకు, కాగితం కవరు చాలు. నాఫ్తలీన్ ఉండలు ఆ అరలో వేయొద్దని ఇంట్లో చెప్పు.